వేరికోస్ వెయిన్స్‌కు కంప్రెషన్ స్టాకింగ్స్: సరైన కొలత, తొడుక్కునే పద్ధతి, ఉతకడం

మున్నేరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మకు యాభై ఆరేళ్లు. ఖమ్మంలో చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతుంది. తెల్లవారుజామున పొయ్యి వెలిగించింది మొదలు మధ్యాహ్నం గిన్నెలు కడిగేదాకా నిలబడే ఉంటుంది. ఎడమ పిక్క మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తోంది, ఆ చుట్టూ చర్మం నల్లబడటం కూడా మొదలైంది. డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపే స్కాన్) చూసిన డాక్టరుగారు సిరల్లోని కవాటాలు సరిగా మూసుకోవడం లేదని, లేజర్ సంగతి తరువాత ఆలోచిద్దామని చెప్పి, ముందుగా మోకాలి కింది వరకు వచ్చే క్లాస్ 2 (ఒత్తిడి స్థాయి) కంప్రెషన్ స్టాకింగ్స్, అంటే కాలిని బిగించి పట్టే మేజోళ్లు, వాడమని రాశారు.

సర్జికల్ షాపులో కాలు కొలవకుండా, మనిషిని చూసి లార్జ్ సరిపోతుందని ఇచ్చారు. అవి చీలమండ దగ్గర వదులుగా ఉండి ముడతలు పడుతున్నాయి, మోకాలి కింద మాత్రం బిగుసుకుని ఎర్రటి గీత పడుతోంది. పొయ్యి వేడికి చెమట పట్టి దురద పెడుతోందని అమ్మ వాటిని తీసి పక్కన పెట్టేసింది. అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్ ఉందన్న సంగతి కూడా చెప్పాలి. సరైన సైజు ఎలా తెలుసుకోవాలో, ఇంత వేడిలో ఎలా వాడాలో, ఎలా ఉతకాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

వాస్కులర్_టెక్నీషియన్

మున్నేరు గారూ, అమ్మగారు ఆ జతను పక్కన పెట్టడమే మంచిదైంది. మనిషి కదలకుండా నిలబడినప్పుడు చీలమండ దగ్గర సిరల్లో పీడనం 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం (రక్తపోటును కొలిచే కొలమానమే) దాకా ఉంటుంది. నడుస్తున్నప్పుడు పిక్క కండరం రక్తాన్ని పైకి నెడుతుంది కాబట్టి, కవాటాలు బాగున్నవారిలో అది 30 కంటే కిందికి దిగుతుంది. కవాటాలు పాడైతే పైకి వెళ్లిన రక్తం మళ్లీ కిందికి జారుతుంది. స్టాకింగ్ చీలమండ దగ్గర అన్నిటికంటే గట్టిగా పట్టి, పైకి వెళ్లేకొద్దీ పట్టు సడలించడం ద్వారా ఆ జారుడును తగ్గిస్తుంది. మీరు చెప్పిన జతలో ఇది తలకిందులైంది: కింద వదులు, పైన బిగుతు. రక్తం పైకి పోవడానికి తోడ్పడవలసిన వస్తువు మోకాలి కింద కట్టు కట్టినట్టు దాన్ని అడ్డుకుంటుంది.

ఈ వరుస పట్టు ఆలోచన ఎలా వచ్చిందో తెలిస్తే కొలత ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. అమెరికాలో స్థిరపడిన కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరు సిరల జబ్బుతో బాధపడుతూ, ఈత కొలనులో నిలబడినప్పుడు తన కాళ్ల నొప్పి తగ్గడం గమనించారు. నీటి ఒత్తిడి లోతుకొద్దీ పెరుగుతుంది కనుక పాదం దగ్గర ఎక్కువగా, పైన తక్కువగా ఉంటుంది. 1950 ప్రాంతంలో ఆయన అదే పద్ధతిలో మేజోళ్లు తయారు చేయించారు.

కొలత ఉదయం లేవగానే, వాపు రాకముందే తీసుకోవాలి. సాయంత్రం కొలిస్తే వాపును కూడా కలిపి కొలిచినట్టవుతుంది. చీలమండ ఎముకలకు కాస్త పైన, కాలు అన్నిటికంటే సన్నగా ఉన్నచోట ఒక చుట్టుకొలత, పిక్క అన్నిటికంటే లావుగా ఉన్నచోట మరొకటి, మడమ ఆనిన నేల నుంచి మోకాలి వెనుక మడత దాకా పొడవు, ఈ మూడూ కావాలి. టేపు చర్మాన్ని తాకాలి కానీ నొక్కకూడదు. రెండు కాళ్లనూ విడివిడిగా కొలవండి. తరువాత మీరు కొనబోయే కంపెనీ పట్టికతోనే సరిచూడండి, ఎందుకంటే ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో కలవదు.

‘క్లాస్ 2’ అన్న మాట ఒక్కటే చాలదు. జర్మన్ ప్రమాణంలో క్లాస్ 2 అంటే 23 నుంచి 32 మిల్లీమీటర్ల పాదరసం, బ్రిటిష్ ప్రమాణంలో 18 నుంచి 24 మాత్రమే. కొన్ని పెట్టెల మీద క్లాసు లేకుండా 20 నుంచి 30 అని మాత్రమే ఉంటుంది. మన షాపుల్లో ఇవన్నీ పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి, డాక్టరుగారి చేత చీటీ మీద అంకెలే రాయించుకోండి. ఆసుపత్రుల్లో మంచం మీద ఉన్న రోగులకు వేసే తెల్లటి స్టాకింగ్స్ చౌకగా వస్తాయని కొందరు కొంటారు. అవి పడుకుని ఉండేవారికి రక్తం గడ్డకట్టకుండా చేసినవి. రోజంతా నిలబడి పనిచేసే మనిషికి వాటి పట్టు చాలదు.

నల్లబల్ల

నేను ఉపాధ్యాయురాలిని. రోజంతా నిలబడి పాఠం చెప్పడం వల్ల ఇదే సమస్య వచ్చి, కొంతకాలంగా స్టాకింగ్స్ వాడుతున్నాను. చాలామంది వాటిని మానేసేది తొడుక్కోవడం రాకనే అని నా అభిప్రాయం.

పైఅంచు పట్టుకుని లాగితే అది సగంలో ఆగిపోతుంది, వేళ్లు నొప్పి పుడతాయి, గోళ్లు తగిలి దారం తెగుతుంది. చేతిని మడమ దాకా లోపలికి పోనిచ్చి, మడమ గుడ్డను పట్టుకుని పైభాగాన్ని తిరగేయాలి. ముందుగా పాదాన్ని మడమ దాకా సరిగా కూర్చోబెట్టి, ఆ తరువాత పైభాగాన్ని అరచేతులతో కొద్దికొద్దిగా పైకి జరపాలి. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు చేతికి వేసుకుంటే పట్టు దొరుకుతుంది, ముడతలు కూడా అరచేత్తో సరిచేయవచ్చు. పొడవు ఎక్కువైందని పైఅంచును ఎప్పుడూ మడవకండి. ఆ మడత దగ్గర ఒత్తిడి రెట్టింపై, మీరు చెప్పిన ఎర్రటి గీత పడేది అక్కడే.

అమ్మగారు మెట్టెలు తీయరనుకుంటాను. వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం తీసుకోండి. తొడిగే ముందు పాదం ముందు భాగానికి పలుచని ప్లాస్టిక్ కవరు తొడిగితే మెట్టె అంచు గుడ్డకు తగలదు, పైగా పాదం సులువుగా జారుతుంది. పూర్తిగా వేసుకున్నాక కవరును వేళ్ల వైపు నుంచి లాగేయవచ్చు. పట్టీలు మాత్రం పని వేళల్లో తీసేయాలి, లోపల ఉండిపోతే చర్మంలోకి నొక్కుకుంటాయి. మడమ పగుళ్లకు కూడా దారాలు పట్టుకుంటాయి. నూనె గానీ క్రీము గానీ రాత్రి పడుకునేటప్పుడు రాసుకోవాలి, ఉదయం వద్దు. స్నానం చేసి వేసుకునేట్లయితే కాలు పూర్తిగా ఆరాలి.

నైలాన్, ఎలాస్టేన్ కలిసిన ఈ గుడ్డకు చెమట, చర్మపు జిడ్డు పట్టి ఉంటే సాగే గుణం త్వరగా పోతుంది. అందుకే రోజూ ఉతకాలి. ఉతికితే పాడవుతాయని దాచుకోవడం వల్లనే అవి ఎక్కువ పాడవుతాయి, దురదకూ అదే కారణమవుతుంది. గోరువెచ్చని నీళ్లలో ఘాటులేని సబ్బు ద్రావకంతో చేత్తో ఉతకండి. బ్లీచింగ్, బట్టలు మెత్తబడటానికి వేసే ద్రావకం రెండూ వద్దు. పిండి మెలితిప్పకుండా, పొడి తువ్వాలులో చుట్టి అదిమితే నీరంతా దిగిపోతుంది. తరువాత నీడలో పరచి ఆరబెట్టండి. మేడ మీద ఎండలో తీగకు వేలాడదీయడం, ఇస్త్రీ చేయడం వాటిని చంపేస్తాయి. రెండు జతలుంటే ఒకటి ఆరుతుండగా మరొకటి వేసుకోవచ్చు.

వేడి విషయంలో నేను చేసేదేమిటంటే, మధ్యమధ్య స్టాకింగ్ మీదనే కొంచెం నీళ్లు చిలకరించుకుంటాను. అది ఆరుతూ ఉంటే కాలు చల్లబడుతుంది. పని ముగిసి, కాళ్లు ఎత్తులో పెట్టి పడుకున్నప్పుడు తీసేయవచ్చు. రాత్రి నిద్రలో సాధారణంగా అవసరం ఉండదు.

గౌతమీ_తీరం

పై ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి గానీ, షుగర్ సంగతి తేలకుండా కొత్త జత కొనవద్దని నా మనవి. సిరల కోసం తీసిన డాప్లర్‌లో ధమనుల పరిస్థితి తెలియకపోవచ్చు. పాదానికి రక్తం తెచ్చే ధమనులు సన్నబడి ఉంటే, పైనుంచి నొక్కే స్టాకింగ్ ఉన్న కాస్త రక్తాన్నీ ఆపి పాదానికే ముప్పు తెస్తుంది.

ఇందుకు ఒక సులువైన పరీక్ష ఉంది. చీలమండ దగ్గర రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు. ఆ నిష్పత్తి 0.5 కంటే తక్కువైతే స్టాకింగ్స్ అసలు వాడకూడదు. 0.5 నుంచి 0.8 మధ్య ఉంటే నిపుణుల పర్యవేక్షణలో తక్కువ ఒత్తిడివే వాడాలి. షుగర్ ఉన్నవారిలో ధమనుల గోడలు గట్టిపడటం వల్ల అంకె 1.3 దాటి, లోపం ఉన్నా లేనట్టు కనిపించవచ్చు. అప్పుడు బొటనవేలి దగ్గర రక్తపోటు చూస్తారు. పాదాల్లో తిమ్మిరి ఉన్నవారికి గుడ్డ నొక్కుకుపోయినా నొప్పి తెలియదు కాబట్టి, ప్రతి సాయంత్రం తీశాక వేళ్ల రంగు, చల్లదనం, మడమ, చీలమండ ఎముకల మీద చర్మం మీరే స్వయంగా చూడండి. ఒక కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా స్టాకింగ్స్ గురించి ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మున్నేరు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరుగారిని మళ్లీ కలిశాం. ఆ నిష్పత్తి 1.0 వచ్చింది, పాదంలో నాడి కూడా బాగుందన్నారు, చీటీ మీద 23–32 అని రాసిచ్చారు. ఈరోజు పొద్దున్నే కొలిస్తే ఎడమ చీలమండ 22 సెంటీమీటర్లు, పిక్క 40 వచ్చాయి. మేము చూసిన కంపెనీ పట్టికలో చీలమండ ప్రకారం మీడియం, పిక్క ప్రకారం లార్జ్ చూపిస్తోంది. ఏది తీసుకోవాలి? ఒక జత ఎన్నాళ్లు వస్తుంది?

వాస్కులర్_టెక్నీషియన్

మొదట చూడవలసింది చీలమండ కొలత, ఎందుకంటే పెట్టె మీద రాసిన ఒత్తిడి అక్కడిదే. అలాగని పిక్క పట్టనిది కొంటే మళ్లీ మోకాలి కింద గీత పడుతుంది. కొన్ని కంపెనీలు చీలమండ మీడియంగా ఉంచి పిక్క వెడల్పుగా ఉన్న రకం విడిగా చేస్తాయి, ముందు దానికోసం అడగండి. అది దొరకకపోతే కాలి కొలతకు ప్రత్యేకంగా చేయించుకోవడం మేలు.

రెండు జతలు మార్చి మార్చి వాడితే సాధారణంగా ఆరు నెలలు పట్టు నిలుస్తుంది. గుడ్డ చిరగకపోయినా, తొడుక్కోవడం మునుపటి కంటే సులువైపోయిందంటే సాగే గుణం పోయినట్టే. కొన్న తేదీని పెట్టె మీద రాసి ఉంచండి. కొత్త జతకు ముందు, వాపు తగ్గి ఉంటుంది కనుక, ఉదయాన్నే మళ్లీ కొలవండి. పాత అంకెలతో కొనవద్దు.