బోర్‌లో బడి మళ్లీ తెరుస్తున్నారు: రేకులు కొనాలా, పుస్తకాలు పంపాలా?

ప్రశ్న: నమస్కారం అండి. పని మీద దక్షిణ సూడాన్‌లోని బోర్ పట్టణంలో ఉంటున్నాను. 2013 డిసెంబరులో యుద్ధం మొదలైనప్పుడు ఇక్కడి జనం పడవల్లో నైలు దాటి మింగ్కామన్ వైపు పారిపోయారు. అప్పుడు ఒకటో రెండో తరగతిలో చదువు ఆగిపోయిన పిల్లలు ఇప్పుడు పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లు. మా క్యాంపు పక్కన పాడుబడ్డ బడిని వాళ్లే నిలబెట్టుకుంటున్నారు, పొద్దున్నే పచ్చి ఇటుకలు కోస్తున్నారు. హైదరాబాద్ మిత్రులు తలా కొంత వేస్తామంటున్నారు. రేకులకి పంపమనాలా, పుస్తకాలకా?

జవాబు 1: రేకులైతే ఒకసారి ఆలోచించండి. 2024 మార్చిలో ఎండ 45 డిగ్రీలకు పోతుందని ఆ దేశమంతా బళ్లు మూసేశారు. వేస్తే కింద గడ్డి తడికలు కట్టించండి, గోడకీ కప్పుకీ మధ్య గాలి ఆడాలి. బోర్‌కి వరద కూడా ఎక్కువే, అరుగు ఎత్తుగా లేకపోతే పచ్చి ఇటుక నానిపోతుంది.

జవాబు 2: అన్నా, పునాది తవ్వేముందు ఐక్యరాజ్యసమితి మందుపాతరల విభాగానికి చెప్పి ఆ స్థలం చూపించారా? లేదంటే ఆ ఇటుకల పని ఇవాళే ఆపించండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇక్కడి పుస్తకాలు పంపకండి, వాళ్ల సిలబస్ వేరు. ముందు ఒక హాజరు పట్టీ కొనివ్వండి. నవ్వకండి. అక్కడ బళ్లకు తలసరి గ్రాంటు ఇచ్చినప్పుడు హాజరు లెక్క, బడి కమిటీ, బ్యాంకు ఖాతా అడిగేవారు. గోడలు ఉన్నాయా అన్నది తర్వాతి మాట.

ఇరవై ఏళ్లవాణ్ణి ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే వారంలో మానేస్తాడు. అలాంటివాళ్ల కోసమే ఎనిమిదేళ్ల ప్రాథమిక చదువును నాలుగేళ్లకు కుదించిన కోర్సు అక్కడ ఉంది, రాష్ట్ర విద్యాశాఖలో అడగండి. మన రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పనిమాన్పించిన పిల్లలకు నడిపిన బ్రిడ్జి కోర్సులాంటిదే. నేను అందులో పాఠాలు చెప్పాను, తర్వాత దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో రెండేళ్లు.

అక్కడ నేను చేసిన తప్పొకటి చెప్తాను. స్థాయి పరీక్షలో ఒకమ్మాయి ఐదు రాయాల్సిన ప్రతిచోటా చిన్న సున్నా చుట్టింది. అన్నీ కొట్టేశాను. ఆ పిల్ల ఖార్టూమ్‌లో అరబ్బీ మీడియం చదివొచ్చింది. అరబ్బీలో ఐదు అంకె సున్నాలాగే ఉంటుంది, సున్నా అయితే ఉత్త చుక్క. మళ్లీ దిద్దితే లెక్కల్లో ఆమే ఫస్టు! ఉగాండా శిబిరాల నుంచి తిరిగొచ్చినవాళ్లు ఇంగ్లీషు గడగడా చదివేస్తారు. రెండు రకాలవాళ్లనీ జతలుగా కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు: పాతరల విభాగానికి కబురు పంపాను, ఇటుకల పని ఆపాం. ఇంకో సందేహం. నలుగురు ఆడపిల్లలు చంకలో బిడ్డతో వస్తున్నారు. మగపిల్లలు విసుక్కుంటున్నారు.

జవాబు 2: చెట్టు కింద ఒక చాప, బిడ్డల్ని చూసుకోడానికి ఒక పెద్దావిడ. మీ మిత్రుల డబ్బులో మొదటి ఖర్చు ఆవిడ జీతమే కావాలి. క్లాసు మాత్రం మధ్యాహ్నం పెట్టండి, పొద్దున్నే అయితే నీళ్లకి పోతారు.