ఫ్రెండ్ కోసం సరోగసీకి నేనే ముందుకొచ్చిన, ఇంట్ల గొడవైతుంది, తెలిసినోళ్ళు చెప్పుర్రి

నల్లగొండ_ఆడబిడ్డ:
అందరికి నమస్తే. నాకు 34, ఇద్దరు పిల్లలు, మొదటిది నార్మల్, రెండోది పెద్దాపరేషన్, అప్పుడే ట్యూబెక్టమీ గూడ చేసిర్రు. నా ఫ్రెండ్ ది మిర్యాలగూడ, డిగ్రీల ఒకటే హాస్టల్ రూం మాది. దానికి మొదటి కాన్పుల రక్తం ఆగక గర్భసంచి తీసేసిర్రు, బిడ్డ గూడ దక్కలే. అండాలు మంచిగనె ఉన్నయి, మోసెటోళ్ళు దొరికితె సొంత బిడ్డనె అయితదని డాక్టరమ్మ చెప్పిందంట. అది నన్ను అడగలే, నేనే మోస్త అన్న. మా ఆయన కొన్ని దినాలు మూతి ముడుచుకోని ఇప్పుడు నీ ఇష్టం అంటుండు గని అత్తమ్మ ఒప్పుకుంటలేదు, కడుపు కనవడి ఇంట్ల పిల్ల కనవడకుంటె వాడకట్టోళ్ళకు ఏం జెప్పాలె అంటది. చుట్టం కాకున్న చెయ్యొచ్చా? ట్యూబెక్టమీ అయినోళ్ళకు అయితదా? ఇంకోటి, వాళ్ళత్త నాకు ఐదు తులాల బంగారం పెడ్త అంటుంది, వొద్దంటె చిన్నబుచ్చుకుంటదేమొ.

కోర్టు_గుమాస్తా:
బంగారం ముచ్చట ముందుగాల తెంపుర్రి అక్కా. 2021ల సరోగసీ చట్టమొచ్చింది, 2022 జనవరి 25 నుంచి అమలు. ఆస్పత్రి ఖర్చులు, ఇన్సూరెన్స్ అసొంటియి తప్ప పైసలైన వస్తువైన ఏమిచ్చినా కమర్షియల్, అంటె పైసలకు చేసే సరోగసీ కిందికే వస్తది, ప్రేమతోని పెట్టినం అంటె నడవదు. మీ ఫ్రెండోళ్ళకే 5 ఏండ్ల దాక జైలు, 5 లక్షల దాక జుర్మానా పడొచ్చు. చుట్టమే కావాలని మొదట బిల్లుల ఉండె, తర్వాత తీసేసిర్రు, ఇష్టంతోని వచ్చిన ఆడమనిషి అయితె చాలు, పెళ్ళయి సొంత పిల్ల ఉండాలె, అది మీకుంది. అసలు తిరకాసు వయసుతోనే, పిండం పెట్టే రోజుకు 25 నుంచి 35 మధ్యల ఉండాలె, మీకు ఇప్పటికే 34, కాయితాలకే నెలలు గడుస్తయి. జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, మీ పేరు మీద 36 నెలల ఇన్సూరెన్స్, ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ కోర్టు ఆర్డర్ కావాలె. ఆ ఆర్డర్ కు వాళ్ళు మీరు కలిసే దరఖాస్తు పెట్టాలె, పుట్టినంక బిడ్డ వాళ్ళదేననెటందుకు అదే ఆధారం.

పాలమూరు_సిస్టర్:
ట్యూబెక్టమీకి దీనికి సంబంధం లేదు చెల్లె, ట్యూబులు మూసినా గర్భసంచి పనిచేస్తది, పిండాన్ని డైరెక్ట్ గ అండ్లనే పెడతరు. నీ అండం మాత్రం వాడొద్దు, చట్టం ఒప్పుకోదు. నేనైతె ఆపరేషన్ కుట్టు గురించి అడుగుత, ఒక్కోసారి మాయ పాత కుట్టు మీద అతుక్కుంటది, అట్లయితె కాన్పుల నీ ఫ్రెండ్ కు అయినట్టే నీకు గూడ రక్తం ఆగకపోవచ్చు. భయపెడ్తలేను, ఆ పాత ఆపరేషన్ కాయితాలు పట్టుకపోయి పెద్ద డాక్టర్ కు చూపియ్యి. గర్భం నిలవనీకి ఇచ్చే ప్రొజెస్టిరాన్ సూదులు వారాల తరబడి తుంటికి పడతయి, గడ్డలు కట్టి కూసోనియ్యవు. కాన్పయినంక పాలొస్తయి, పక్కల బిడ్డ ఉండదు, పాలు ఆగనీకి గోళీలిస్తరు గని ఆ రోజుల్ల మనసెట్లుంటదో ఏ డాక్టరు ముందుగాల చెప్పడు.

దేవరకొండ_రాములన్న:
కోపం రావొద్దు చెల్లె, మీ అత్త మాట్లాడుతుంది వాడకట్టు గురించే అయినా మీ ఇద్దరు పిల్లల గురించి గూడ ఆలోచన చెయ్యాలె. స్కానింగ్ ల లోపం కనవడితె ఏం జేద్దాం అని ఇప్పుడే నువ్వు, నీ ఫ్రెండ్ కూసోని మాట్లాడుకోర్రి, మీ సంతకం లేకుంట ఎవ్వరు అబార్షన్ చెయ్యొద్దు, అది మీ హక్కు, కానీ ఆ దినం వస్తె దోస్తానా ఏమైతదో సూస్కోర్రి. పిండం పెట్టకముందు ఎప్పుడైన వొద్దనొచ్చు, అది గూడ గుర్తు పెట్టుకో. ఏజెంట్లను దగ్గరికి రానియ్యకుర్రి. 2025ల సికింద్రాబాద్ ఫెర్టిలిటీ సెంటర్ కేసు పేపర్లల్ల చదివిర్రు గద, సరోగసీ అని చెప్పి వేరేటోళ్ళ బిడ్డను ఇచ్చిర్రని కేసు, డీఎన్ఏ టెస్ట్ చేస్తె బయటపడ్డది. రిజిస్ట్రేషన్ ఉన్న క్లినిక్ అయితెనే పోర్రి.

నల్లగొండ_ఆడబిడ్డ:
అందరికి థాంక్స్. కుట్టు సంగతి నాకు తోచనే లేదు, పాత ఫైల్ వెతుకుతున్న. ఫ్రెండ్ కు మొత్తం చదివి వినిపిచ్చిన, బంగారం మాట వాళ్ళత్తకు అదే చెప్తనంది. మా అత్తమ్మకు సిస్టరక్క రాసింది వినిపిస్తె గప్ చుప్ గ ఉంది, మల్ల పొద్దుగూకి "ఆ సూదులు ఎవరిస్తరు, రోజు టౌన్ కు పోవాల్నా" అని అడిగింది. ఇన్సూరెన్స్ చేపిచ్చినోళ్ళు ఎవరన్న ఉంటె చెప్పుర్రి, మా ఏజెంట్ కు సరోగసీ అంటేనే సమజ్ అయితలేదు.