అమెరికన్ జూక్‌బాక్సులో పాట నెమ్మదిగా సాగుతోంది: మోటారు మార్చాలా?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై):
మా పెదనాన్నగారి హోటల్లో ఉండిన రాక్-ఓలా కంపెనీ జూక్‌బాక్సు (నాణెం వేస్తే కోరిన రికార్డు పాడే పెట్టె) ఏళ్ల తరబడి గోదాములో పడి ఉండి, ఇప్పుడు మా ఇంటికి చేరింది. వెనుక రేకు మీద 117 వోల్టులు, 60 సైకిళ్లు అని రాసి ఉన్నందున స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని కలిపాను. రికార్డు తిరుగుతోంది కాని పాట సాగిపోయి, గాయని గొంతు మగ గొంతులా వినిపిస్తోంది; స్పీకరులో హోరు కూడా ఉంది. మోటారు పోయిందని మెకానిక్ అంటున్నారు. మార్చవలసిందేనా?

మొదటి సమాధానం:
మోటారు బాగానే ఉందండీ, దయచేసి దాన్ని పారేయకండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని, అంటే రేకు మీద రాసిన సెకనుకు ఇన్ని సైకిళ్లు (హెర్ట్జ్) అనే లెక్కను, మార్చదు. అమెరికాలో 60 హెర్ట్జ్ కరెంటుకు తగినట్టు చేసిన ఈ మోటారు మన 50 హెర్ట్జ్ మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది కనుక, నిమిషానికి 45 చుట్లు తిరగవలసిన రికార్డు 37.5 చుట్లే తిరుగుతుంది. సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే, అయిదు శ్రుతిలో పాడిన పాట మూడు శ్రుతికి దిగిపోతుంది. మోటారు ఇరుసు రబ్బరు చక్రాన్ని ఒరుసుకుంటూ పళ్లాన్ని తిప్పే రకమైతే, ఆ ఇరుసు వ్యాసాన్ని 1.2 రెట్లు చేస్తే వేగం సరిపోతుంది. ఉదాహరణకు 5 మిల్లీమీటర్ల ఇరుసుకు బయటి వ్యాసం 6 మిల్లీమీటర్లు ఉండే ఇత్తడి తొడుగు కావాలి. లేత్ పనివారు దాన్ని చేసివ్వగలరు, కాని తొడుగు వెంట్రుకవాసి పక్కకు ఉన్నా పాట వణుకుతుంది. పళ్ల చక్రాలతో తిప్పే రకమైతే ఈ ఉపాయం పనికిరాదు, 60 హెర్ట్జ్ ఇచ్చే ఇన్వర్టరు పెట్టుకోవాలి.

రెండవ సమాధానం:
వేగం సంగతి తరువాత చూడవచ్చు, ముందు ఆ పెట్టెకు కరెంటు ఇవ్వడం ఆపండి. హోరు వస్తున్నదంటే ఆంప్లిఫయరులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (కరెంటును నిలవ చేసి హోరును అణచే భాగాలు) ఎండిపోయి ఉండవచ్చు. వాటిలో ఒకటి షార్టయితే పెట్టె లోపలి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, దానికి బదులు దొరకడం చాలా కష్టం. పాతవాటి మీద రాసినన్ని మైక్రోఫారడ్లు, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టులు గల కెపాసిటర్లు ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే రిచీ స్ట్రీటులో అడిగి చూడండి. వాల్వులు (గాజు గొట్టాలు) ఉన్న ఆంప్లిఫయరులో ప్లగ్గు తీసిన తరువాత కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు కనుక, రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టండి. తిరిగి మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో, అంటే కరెంటు ఆ బల్బు గుండా వెళ్లి పెట్టెకు చేరేలా, కలపండి. అది ప్రకాశవంతంగా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్టు ఉన్నట్టే.

మూడవ సమాధానం:
ముల్లు కూడా మార్చండి, అరిగిన ముల్లు ప్రతిసారీ గాడిని కోస్తుంది. గట్టిపడిన పాత గ్రీజును తుడిచి తీయండి, దాని మీద కొబ్బరినూనె మాత్రం పోయకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ప్లగ్గు తీసేశాను. ఇరుసు రబ్బరు చక్రాన్నే తిప్పుతోంది. ఆదివారం వెర్నియర్‌తో కొలిచి, ఆ కొలత ఇక్కడే రాస్తాను.