సైకిల్ రైడ్ నల్లగొండ ఊళ్లోకి రావాలా, బైపాస్ నుంచే తిరిగి పోవాలా?

పానగల్ కట్ట

ఎల్బీనగర్ నుంచి నల్లగొండ వచ్చి తిరిగి వెళ్లే 200 కిలోమీటర్ల బీఆర్ఎం (టైములోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) కు రూటు ఖరారు చేస్తున్నారు. నిర్వహించేవాళ్లు మన ఊరి రైడర్ల అభిప్రాయం అడిగారు. రెండు మాటలు నడుస్తున్నాయి. మర్రిగూడ బైపాస్ దగ్గర ఏదో హోటల్లో కార్డు మీద స్టాంపు వేయించుకుని అక్కడి నుంచే వెనక్కి తిరగాలని కొందరు అంటున్నారు. ఊళ్లోకి వచ్చి బజారు దగ్గరి పెద్దగడియారం సెంటర్‌లో స్టాంపు వేయించుకోవాలని ఇంకొందరు. నేను ఊళ్లోకి రావాలనే అంటాను. కాదనేవాళ్లు కారణం రాయండి, అన్నీ కలిపి పంపుదాం.

తెలియనివాళ్లకు ఒక మాట. ఇది రేసు కాదు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి, అంతే. ముందొచ్చినవాళ్లకు కప్పు ఉండదు. రోడ్డు మూయరు, వెనక వ్యాను రాదు. పంక్చరైతే ఎవరి ట్యూబు వాళ్లే మార్చుకోవాలి. మధ్యలో ఫలానా చోటికి వచ్చామని రుజువుగా కార్డు మీద స్టాంపు, టైము వేయించుకోవాలి. ఆ చోటు ఎక్కడన్నదే ఇప్పుడు గొడవ.

వంద కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చినవాడు మన ఊరి పొలిమేరలో చాయ్ తాగి వెళ్లిపోతే, వాడు నల్లగొండ వచ్చినట్టు ఎలా అవుతుంది?

బజార్ దుకాణం

నేను వద్దంటాను. ప్రకాశం బజార్ పక్కన మాకు ముప్పై ఏళ్లుగా దుకాణం ఉంది. ఆదివారం పొద్దున కూరగాయలకు, మటన్‌కు వచ్చే జనంతో అసలే సందు ఉండదు. కొన్నేళ్ల కింద ఒక ర్యాలీ అని చెప్పి గడియారం చుట్టూ తాళ్లు కట్టారు. మా అమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లే ఆటో నలభై నిమిషాలు కదల్లేదు. ఆమె ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుని "ఇంకెంతసేపు బిడ్డా" అని అడుగుతుంటే నేను ఏం చెప్పాలి? మైకులో మాత్రం ఆరోగ్యం గురించి ఉపన్యాసం. మీ రైడ్ మంచిదే కావచ్చు. మా రోడ్డు మీదికి మాత్రం తేకండి.

పానగల్ కట్ట

అన్నా, అమ్మగారి విషయం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అలాంటిది మళ్లీ జరిగే పనైతే నేనే ముందు వద్దంటాను.

కానీ దీంట్లో తాళ్లు కట్టడం ఉండదు. లెక్క చూడండి. బీఆర్ఎంలో గంటకు 34 కిలోమీటర్ల కంటే వేగంగా వచ్చినవాళ్లకు స్టాంపు వేయరు, 15 కంటే నెమ్మదిగా వచ్చినవాళ్లకూ వేయరు. నల్లగొండ దాదాపు వందో కిలోమీటరు. పొద్దున 6 గంటలకు బయలుదేరితే ఇక్కడి పాయింటు 8.56కు తెరిచి 12.40కి మూస్తారు. అరవై మంది వచ్చారనుకున్నా, ఆ మూడు గంటల నలభై నాలుగు నిమిషాల్లో సగటున నాలుగు నిమిషాలకు ఒక సైకిల్. ఇద్దరు ముగ్గురు కలిసి రావచ్చు, గుంపుగా మాత్రం రారు. సిగ్నల్ పడితే అందరిలాగే ఆగుతారు.

హయత్‌నగర్ రైడర్

లెక్క కరెక్టే. కానీ మీరు ఊరివాళ్ల వైపు నుంచే ఆలోచిస్తున్నారు, తొక్కేవాడి వైపు నుంచి చెప్పనివ్వండి. చౌటుప్పల్, చిట్యాల దాటి నార్కట్‌పల్లి దగ్గర తిరిగేసరికి నా అరచేతులు మొద్దుబారతాయి. చిటికెన వేలు ఉందో లేదో తెలియదు. ఆ చేతులతో సందుల్లోంచి వచ్చే బైకులకు, ఆగి ఉన్న ఆటోలకు పదేపదే బ్రేకు వేయాలి. బూట్లు పెడల్‌కు క్లిప్ అయి ఉంటాయి, సడన్‌గా ఆగితే కాలు ఊడిరాక పక్కకు పడతాం. నేను అలాగే ఒక కూరగాయల బండి పక్కన పడ్డాను. బండి ఆమె పరిగెత్తుకొచ్చి లేపింది, మోచేయి మాత్రం రెండు నెలలు మడవలేకపోయాను.

ఇంకొకటి. ఊళ్లోకి వచ్చిపోతే ఇరవై నిమిషాలు పోతాయి. వేగంగా తొక్కేవాళ్లకు అదో లెక్క కాదు. 12.30కి చెమటలు కక్కుకుంటూ వచ్చేవాడికి ఆ ఇరవై నిమిషాలే రైడ్ పూర్తికావడం, కాకపోవడం. మొదటిసారి వచ్చేవాళ్లంతా ఆ చివరి గుంపులోనే ఉంటారు.

మిర్యాలగూడ లోడు

సైకిల్ తొక్కను, లారీ తోలతాను. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడుతో ఈ బైపాస్ ఉన్న అద్దంకి రోడ్డు మీద వారానికి మూడు నాలుగు ట్రిప్పులు నావి. బైపాస్ సేఫ్ అని ఎవరన్నారు సార్? హోటల్ రోడ్డుకు ఒక వైపు ఉంటుంది. అవతలి నుంచి వచ్చిన సైకిల్ నాలుగు లేన్ల రోడ్డు దాటాలి, స్టాంపు అయ్యాక మళ్లీ దాటాలి. అలసిపోయిన మనిషి కుడివైపు చూడటం మర్చిపోతాడు. హోటల్ ముందు మా బండ్లు రివర్స్ తీస్తుంటాయి, క్లీనర్ దిగకపోతే వెనక సైకిల్ ఉందో లేదో మాకు కనపడదు. ఊళ్లో తగిలితే గీసుకుపోతుంది. ఇక్కడ తగిలితే మిగలడు. నా కళ్లతో చూసినవి చెప్తున్నాను.

నవంబర్‌లో పెడితే ఇంకో సంగతి. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. రాశి చుట్టూ రాళ్లు పెడతారు, పైన నల్ల పట్టా కప్పుతారు. చీకటి పడ్డాక నా హెడ్‌లైట్లకే దగ్గరికొచ్చేదాకా తెలియదు. రైతును అనలేం, ఆయనకు వేరే కళ్లం లేదు. మీవాళ్లు తిరుగుప్రయాణంలో పెద్ద లైటు పెట్టుకోవాలి.

కనగల్ టీచర్

ఇప్పటిదాకా ఎవరూ రాయని మాట నేను రాస్తాను. పోయిన ఏడాది వేరే ఊరి వైపు 200 చేశాను. హైవే పాయింటు దగ్గర హోటల్లో ఆడవాళ్ల బాత్రూమ్‌కు తాళం. తాళంచెవి ఓనరు దగ్గర, ఆయన ఇంటికెళ్లాడు. అప్పటి నుంచి నీళ్లు తాగడమే తగ్గించేశాను, నూట అరవయ్యో కిలోమీటరు దగ్గర కాళ్లు పట్టేశాయి. ఊళ్లో అయితే బస్టాండ్ ఉంది, నాలుగు హోటళ్లు ఉన్నాయి, ఒక చోట కాకపోతే ఇంకోచోట. రైడ్‌కు ఆడవాళ్లు రావడం లేదని బాధపడేవాళ్లు ముందు ఇది చూడాలి.

మా బడిలో ఎనిమిదో తరగతి దాకా ఆడపిల్లలు సైకిల్ మీద వస్తారు. పదో తరగతికి వచ్చేసరికి ఆ సైకిల్ తమ్ముడిదైపోతుంది. నలభై దాటిన ఒక ఆడమనిషి హెల్మెట్ పెట్టుకుని హైదరాబాద్ నుంచి తొక్కుకుంటూ పెద్దగడియారం దగ్గర దిగడం వాళ్లు చూడాలి. బైపాస్ మీద చూసేది ఎవరు?

ఎన్జీ కాలేజ్ పాత విద్యార్థి

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం దగ్గర పెడితే ఎలా ఉంటుంది? బజారు రద్దీ ఉండదు. పొద్దంతా లింగం మీద నిలిచి ఉండే ఆ నీడను హైదరాబాద్ వాళ్లు కూడా చూస్తారు. పక్కనే ఉదయసముద్రం.

పానగల్ కట్ట

తమ్ముడూ, మా ఊరు, మా గుడి. నాకు ఆశ ఉండదా? కానీ పదకొండు గంటలకు ఆకలితో వచ్చినవాళ్లకు అక్కడ ఇడ్లీ దొరకదు, పెరుగన్నం దొరకదు. గుడి చూడాలంటే బూట్లు విప్పి నిమ్మళంగా చూడాలి, గడియారం చూసుకుంటూ చూసేది కాదు. దానికి వేరే రోజు నేనే యాభై కిలోమీటర్ల రైడ్ పెడతాను, రండి.

మొన్న ఆదివారం తొమ్మిదిన్నరకు మర్రిగూడ బైపాస్ నుంచి గడియారం దాకా నేనే సైకిల్ తొక్కి చూశాను. హైదరాబాద్ రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. గడియారం దగ్గరికి వచ్చేసరికి మూడుసార్లు కాలు కింద పెట్టాను. ఒకసారి నా వల్లే ఒక ఆటో ఆగింది, లోపల చంటిబిడ్డతో ఒక తల్లి ఉంది. దుకాణం అన్న రాసింది గుర్తొచ్చింది. అందుకే నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. ఊళ్లోకి రావాలి, గడియారం దాకా మాత్రం వద్దు. హైదరాబాద్ రోడ్డులోనే, సైకిళ్లు లోపల పెట్టుకునే జాగా, ఆడవాళ్లకు బాత్రూమ్ ఉన్న హోటల్ చూద్దాం.

బజార్ దుకాణం

గడియారం దాకా రాకపోతే నాకు అభ్యంతరం లేదు. ఫొటోల కోసం ఎవరూ అక్కడ గుమిగూడవద్దని ముందే రాతపూర్వకంగా చెప్పించండి.

హయత్‌నగర్ రైడర్

నేను ఇప్పటికీ ఒప్పుకోను. చివరి గుంపు సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

పానగల్ కట్ట

నిజమే అన్నా, నా దగ్గర జవాబు లేదు. మీ అభ్యంతరం మీ మాటల్లోనే పెట్టి పంపుతాను. టీచరమ్మా, ఈ శనివారం సాయంత్రం ఆ రోడ్డులో హోటళ్లు చూడ్డానికి వెళ్తున్నాను. వీలైతే మీరూ రండి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మీరే అడగాలి.