శాన్‌ఫ్రాన్సిస్కో హైడ్రెంట్ల నెత్తిన ఈ రంగులేంటి?

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికొచ్చి నెలన్నర అయింది. గుంటూరులో 30 ఏళ్లు నీళ్ల పైపుల పని చేసినవాణ్ణి. వాకింగ్‌కి వెళ్తే చూపు చెట్ల మీదకన్నా వాల్వుల మీదకే పోతుంది. ఇక్కడ హైడ్రెంట్లు, అంటే మంటలార్పడానికి ఫైరింజన్ గొట్టం తగిలించే రోడ్డు పక్క కుళాయిలు, రెండు జాతులు. కొన్ని సన్నగా, తెల్లగా. కొన్ని బొద్దుగా, నెత్తిన నలుపో ఎరుపో నీలమో. డోలోరెస్ పార్కు పై మూలన ఒకటైతే నిలువెల్లా బంగారు రంగే! మావాణ్ణి అడిగితే "వదిలెయ్ నాన్నా" అంటాడు.

జవాబు 1: మేం వదలం అంకుల్, నేనుండేది ఆ పార్కు దగ్గరే. 1906 ఏప్రిల్ 18న తెల్లవారి 5:12కి భూకంపం. ఊరు ఎక్కువగా పోయింది ఆ తర్వాతి మంటలకే. పైపులు పగిలి చాలా హైడ్రెంట్లలో చుక్క రాలేదు. 20వ వీధి, చర్చ్ వీధి కలిసేచోట ఉన్న మీ బంగారుదాంట్లో మాత్రం వచ్చాయి. గుర్రాలు అలసిపోతే జనమే ఫైరింజన్లను ఆ ఎత్తుకి లాగారు. మిషన్ అనే పేట వైపు ఇళ్లు చాలా అలా దక్కాయి. ఏటా అదే రోజు తెల్లవారుజామున రంగు వేస్తారు. ఒకసారి నేనూ స్ప్రే డబ్బా పట్టుకున్నా, స్వెట్టర్ మీద మరక ఇంకా పోలేదు.

బొద్దువి ఆ దెబ్బ తిన్నాక వచ్చినవి. మంటల కోసమే విడిగా హై ప్రెషర్ లైన్ వేశారు, 1913కల్లా పూర్తయింది. నీళ్లు ఎక్కణ్ణుంచో నెత్తి రంగు చెబుతుంది: నలుపైతే ట్విన్ పీక్స్ రిజర్వాయర్, ఎరుపు ఆష్‌బరీ ట్యాంకు, నీలం జోన్స్ స్ట్రీట్ ట్యాంకు. తెల్లవి మామూలు మంచినీళ్ల లైనువి. నాలుగు రోడ్ల కూడళ్లలో ఇటుకల గుండ్రాలు చూశారా? వాటి కింద నీళ్ల తొట్లున్నాయి. చాలావాటిలో 75,000 గ్యాలన్లు పడతాయి.

జవాబు 2: మీ తెల్లవాటిని మా చికాగోలో పెడితే జనవరిలో గడ్డకట్టి పగిలిపోతాయి. వాటిలో నీళ్లు ఎప్పుడూ పైదాకా నిండి ఉంటాయి, మూతి మూతికీ వేరే వాల్వు. మాకు వాల్వు ఒకటే, చలి దిగనంత లోతున ఉంటుంది. పైన నట్టు తిప్పితే నీళ్లు ఎక్కుతాయి, కట్టేస్తే మిగిలినవి భూమిలోకి కారిపోతాయి.

అడిగినవారు: అదా సంగతి! ఒక్కో మూతికి ఒక్కో నట్టెందుకా అని నాలుగు రోజులు బుర్ర గోక్కున్నా. అయితే తెల్లదాన్ని కారు గుద్దితే ఫౌంటెనే. రేపు మళ్లీ ఆ మూలకి వెళ్తా. మొన్న వట్టి చేతులతో ఎక్కడానికే రెండుసార్లు ఆగాను, వాళ్లు ఇంజన్ని ఎలా లాగారో!