ఫెడరల్ కేసులో తమ్ముడు: ఒప్పందం మీరి అప్పీలుకు వెళ్లొచ్చా?

తిరుపతి అమ్మాయి, ఎడిసన్ (న్యూజెర్సీ):
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలే. మా తమ్ముడు నేరం ఒప్పుకుని, ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం (ప్లీ అగ్రిమెంట్) మీద సంతకం పెట్టాడు. శిక్ష ఫలానా హద్దు దాటకపోతే అప్పీలు చేయనని అందులో ఉంది. పోయిన గురువారం ఆ హద్దులోనే శిక్ష పడింది. అయినా ఎక్కువేనని, అప్పీలు వేస్తానంటున్నాడు. మా నాయన చిత్తూరు కోర్టులో తెలిసిన వకీలును అడిగితే హైకోర్టుకు 60 రోజుల టైముంది, తొందరేం లేదన్నారట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మదనపల్లె అన్న, డల్లాస్:
అమ్మా, ముందు వీసా సంగతి చూసుకోండి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని లాయరే ముందుగా చెప్పాలి, 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. మీ తమ్ముడికి చెప్పారా? ఇక అప్పీలుకు పది రోజులే. పరుగెత్తండి.

పుత్తూరు అక్క, ప్రిన్స్‌టన్:
అన్నా, పది పాత లెక్క. 2009 డిసెంబర్ 1 నుంచి 14 రోజులు. అదీ జడ్జి శిక్ష చదివిన రోజు నుంచి కాదు, తీర్పు కోర్టు రికార్డులోకి ఎక్కిన రోజు నుంచి. ఆ 60 రోజులు మన దేశం లెక్క, ఇక్కడ పనికిరాదు.

మదనపల్లె అన్న:
2006లో మా ఫ్రెండు కేసులో శని, ఆదివారాలు తీసేసి పది లెక్కపెట్టాం. నాకు బాగా గుర్తు.

పుత్తూరు అక్క:
అప్పటికి మీ లెక్క కరెక్టే అన్నా. ఇప్పుడు అన్ని రోజులూ కలిపే 14.

పలమనేరు, ఫిలడెల్ఫియా:
చెల్లీ, మా బావమరిది కేసు చెప్తాను. ఆయనా అప్పీలు వదులుకుంటూ సంతకం పెట్టాడు. శిక్ష పడిన సాయంత్రమే లాయరుతో వేయమన్నాడు, జైలు నుంచి మళ్లీ రెండుసార్లు ఫోన్ చేశాడు. ‘సంతకం పెట్టావు కదా, లాభం లేదు’ అని ఆ లాయరు అప్పీలు నోటీసే వేయలేదు. మేం నమ్మి కూర్చున్నాం. మా అత్తమ్మ రోజూ పలమనేరు నుంచి ఫోన్ చేసి ఏమైందని అడిగేది, ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. గడువు పోయింది. తర్వాత వేరే లాయరు చెప్పారు: క్లయింటు స్పష్టంగా అడిగితే, అప్పీలు వదులుకున్నా సరే, లాయరు నోటీసు వేసి తీరాలని 2019లో గార్జా కేసులో సుప్రీంకోర్టు తేల్చిందట. అప్పటికి మాకు మిగిలింది 2255 మోషన్ ఒక్కటే, అంటే శిక్ష వేసిన కోర్టులోనే ఆ శిక్షను సవాలు చేసే అర్జీ. ఆ కాగితాలు పోగుచేయడానికే నెలలు పట్టింది. అడగాల్సింది మీ తమ్ముడు, అదీ రాతలో. మీరో మీ నాయనో అడిగితే లెక్కలోకి రాదు. వెంటనే వేయించండి.

పీలేరు, జెర్సీ సిటీ:
పలమనేరు అన్నా, వెంటనే అనకండి. న్యూజెర్సీ వచ్చేది మూడో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కిందికి. అక్కడ 2014లో ఒకతను ఇలాగే మాట తప్పి అప్పీలు వేశాడు. ప్రభుత్వానికి సహకరించినందుకు అతనికి శిక్ష తగ్గింది. అప్పీలు వేయడమే ఒప్పందం మీరడమని చెప్పి కోర్టు ఆ శిక్షనే రద్దు చేసింది, ఆ తగ్గింపు అడగాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదంటూ మళ్లీ శిక్ష వేయమని వెనక్కి పంపింది. చెల్లీ, మీ తమ్ముడికి అలాంటి తగ్గింపు ఉందా?

పలమనేరు:
పిల్లను భయపెడితే ఎలా? లాయరే సరిగా చెప్పకుండా సంతకం పెట్టించి ఉంటే?

పీలేరు:
అదే చూడాలి అన్నా. సంతకం తెలిసే పెట్టాడా, ఈ అప్పీలు వదులుకున్న దాంట్లోకి వస్తుందా, అప్పీలు ఆపేస్తే ఘోరమైన అన్యాయం జరుగుతుందా, ఈ మూడూ కోర్టు చూస్తుంది. శిక్ష ఎక్కువైందన్న ఒక్క మాటతో వెళ్తే ఉన్నదీ పోవచ్చు.

తిరుపతి అమ్మాయి:
తగ్గింపు ఉంది అన్నా, సహకరించినందుకే. ఆ సంగతి ఎవరూ మాకు చెప్పలేదు. తీర్పు సోమవారం రికార్డులోకి ఎక్కిందట, ఇంకా పన్నెండు రోజులున్నాయి. శనివారం జైల్లో తమ్ముణ్ణి చూడడానికి వెళ్తున్నాను, ఈ రెండు కేసుల సంగతీ కాగితం మీద రాసుకుని. వాడేం తేల్చుకున్నా, లాయరుకు వాడి చేతే రాయిస్తాను.