మోకాళ్ళ నొప్పులున్న అమ్మను సముద్రం కాడికి తీస్కపోవాలె, వైజాగా చెన్నైనా కేరళనా?

హన్మకొండ పోరడు:
అందరికి నమస్తే. మా అమ్మకు 63, మోకాళ్ళ నొప్పులు, షుగర్ కూడ ఉంది. ఇన్నేండ్లల్ల సముద్రం చూడలే, భద్రకాళి చెరువు, రామప్ప, లక్నవరం గంతే ఆమె చూసిన నీళ్ళు. మా బావేమో కేరళ తీస్కపో ఆయుర్వేదం చేపిస్తే నొప్పులు పోతయ్ అంటడు, ఆఫీసుల దోస్తేమో చెన్నై పో, పెద్ద దవాఖానల చూపిచ్చి అటే మెరీనా తిప్పొచ్చు అంటడు, నాకేమో వైజాగ్ దగ్గరనిపిస్తుంది. ఐదు రోజుల లీవే ఉంది. జెర చెప్పుండ్రి.

కాజీపేట రైలన్న:
ఐదు రోజులంటే కేరళ మర్చిపో తమ్మీ. కేరళ ఎక్స్‌ప్రెస్ వరంగల్ నుంచే పోతది గని తిరువనంతపురం చేరనీకి ఒక రోజు పైనే, పోనురాను రెండు రోజుల పైనే బండిలనే అయిపాయె. వైజాగ్‌కు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి పండుకొని పొద్దుగాల దిగుతరు. వందే భారత్ గూడ వరంగల్ల ఆగుతది గని అది కుర్చీల బండి, మోకాళ్ళు మడిచి గంటలకొద్ది కూసునుడు అమ్మతోని కాదు. 45 దాటిన ఆడోళ్ళకు లోయర్ బెర్త్ కోటా ఉంటది, బుక్ చేసేటప్పుడు వయసు కరెక్టుగ ఎయ్యి. అక్టోబర్ నవంబర్ల పోకు, తుఫాన్ల టైం, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12కే.

పరకాల సంధ్య:
బావ చెప్పిన ఆయుర్వేదం గురించి నా అనుభవం చెప్త. మా అత్తమ్మను కేరళల బీచ్ పక్కన ఒక రిసార్ట్‌కు తీస్కపోయినం, మూడు రోజుల ప్యాకేజీ, నూనె రాసి రుద్దుడు తప్ప ఏం లేదు, నాడి చూసెటోడు గూడ లేడు. పంచకర్మ అంటే ఆయుర్వేదంల ఒళ్ళు శుద్ధి చేసే చికిత్స, సరిగ చేసెటోళ్ళు వారం తక్కువ చెయ్యరు, పథ్యం ఉంటది, ఎండల తిరగొద్దంటరు, మరి బీచ్‌ల ఎట్ల తిరుగుతరు? నిజంగ చేపియ్యాలంటే 1902ల పెట్టిన కొట్టక్కల్ ఆర్యవైద్యశాల లాంటి చోటుకు, రెండు మూడు వారాలు తీస్కొని పోవాలె, అది టూరు కాదు.

ఫిజియో చెల్లె:
నేను హన్మకొండల్నే ఫిజియోథెరపీ చేస్త అన్నా. టెస్టులు, ఎక్స్‌రేలు ఈడనే చేపియ్యి, ఎందుకంటే మల్ల మల్ల పోయి చూపిచ్చుకునుడు ఉంటది, దానికోసం చెన్నై దాక ఉరుకుతవా? సముద్రాన్ని సముద్రం లెక్కనే చూపియ్యి. మెత్త ఇసుకల నడిస్తే మోకాళ్ళు ఇంక గుంజుతయి, అల వచ్చి పోయినంక గట్టిగుండే తడి ఇసుక మీద మెల్లగ నడిపియ్యి, షుగర్ ఉంది కాబట్టి చెప్పులు ఇడ్వనియ్యకు, షుగర్‌తోని అరికాళ్ళకు స్పర్శ తగ్గితే గవ్వ గుచ్చుకున్నా తెల్వది ఆమెకు. లాడ్జిల వెస్టర్న్ టాయిలెట్ ఉందా అని ముందే అడుగు, మా పేషెంట్లకు ఇబ్బంది అయ్యేది గక్కడ్నే.

హన్మకొండ పోరడు:
చెప్పుల సంగతి అస్సలు తట్టలే చెల్లే. అయితే వైజాగ్ ఫిక్స్. పిల్లగాండ్లు సబ్‌మెరైన్ అంటుండ్రు, అమ్మ ఎక్కగలుగుతదా?

కాజీపేట రైలన్న:
ఆర్‌కే బీచ్ కాడ మ్యూజియం చేసిన కురుసుర సబ్‌మెరైనా? పిల్లగాండ్లనే పంపు. లోపల సందులు, ఒంగి దూరే గుండ్రటి తలుపులు, ఆమెను ఆర్‌కే బీచ్ గోడ మీద కూసోపెట్టి మొక్కజొన్న కంకి కొనియ్యి. నీళ్ళల్లకు మాత్రం ఆడ దిగనియ్యకు, లోపలికి గుంజుతది, ఏటా ఎవరో ఒకరు పోతనే ఉంటరు. కైలాసగిరికి రోప్‌వే ఉంది, సింహాచలం బస్సు కొండ మీదికే పోతది, రెండూ అయితయి. బొర్రా గుహలు వద్దే వద్దు, అన్నీ మెట్లే. అరకు అద్దాల రైలు ఒక్కటి చూడు, కూసునే చూసుడు కదా.

హన్మకొండ పోరడు:
డిసెంబర్ రెండో వారం గోదావరిల టికెట్లు చేసిన, అమ్మకు లోయర్ దొరికింది. ఇప్పటికే సకినాలు చేస్తనంటుంది, సంక్రాంతి ఇంక నెల ఉందే అంటే ఇంటలేదు. ఆర్‌కే బీచ్ దగ్గర లిఫ్ట్ ఉన్న మామూలు లాడ్జి ఎవరికన్న తెలుస్తే చెప్పుండ్రి.